నేను మూయడం మరిచిన ఖాతా

పాస్‌వర్డు ఎంత పొడవు ఉండాలి, ఎన్నాళ్ళకోసారి మార్చాలి అని చెప్పేవాళ్ళు మీకు కావలసినంతమంది దొరుకుతారు. నేనూ ఆ ఉపన్యాసాలు ఇచ్చీ ఇచ్చీ రిటైరయ్యాను. ఎదుటివాళ్ళు ఆవులిస్తూ ఉంటే పట్టించుకోకుండా మాట్లాడడం కూడా ఒక విద్యే. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఇప్పుడు చెప్పాలనుకుంటున్నది వేరే సంగతి. నా పొరపాటు వల్ల బయటపడిన సంగతి. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఆ నవంబరులో రెండు మూడు రోజులు మాత్రం ఆ మాట గట్టిగా అనడానికి ధైర్యం చాలలేదు.

మా ఆఫీసు నోయిడాలో ఉండేది. అరవైమందిమి. యంత్రాలు తయారుచేసే కంపెనీలకు వాటిని ఎలా బిగించాలో, ఎలా మరమ్మతు చేయాలో వివరించే పుస్తకాలు రాసిచ్చేవాళ్ళం. ఎక్కువగా లిఫ్టులవి. నేను కంప్యూటర్లనూ వాటి భద్రతనూ చూసేదాన్ని. ఎవరైనా చేరితే వాళ్ళ పేరిట ఖాతా తెరవాలి, వెళ్ళిపోతే మూసేయాలి. మూసేయడం అన్నిటికన్నా తేలికైన పని. మనిషి బల్ల ఖాళీ చేసేలోపే అయిపోతుంది.

మా పుస్తకాలన్నీ చివరికి ఒకే మనిషి చేతిమీదుగా వెళ్ళేవి. ఆయన మా సీనియర్ ఎడిటర్, కాకినాడ వైపు మనిషి. నాది హనుమకొండ. ఆఫీసు మొత్తానికి తెలుగువాళ్ళం మేమిద్దరమే. అలాగని ఆయన నాతో కబుర్లాడిందేమీ లేదు. ఎనిమిదేళ్ళలో నాతో అన్న మాటలు రాసి పెడితే ఒక పేజీ నిండదు. "ప్రింటరు పని చెయ్యట్లేదండి, చూడండి" అనేవారు. చూస్తే, "సరే" అనేవారు. కానీ పేజీలో ఒక్క మాట అటూ ఇటూ అయితే ఆయన కన్ను అక్కడే ఆగేది. ఆయన చూశాక ఇంకెవరూ చూడనక్కర్లేదని అందరి నమ్మకం.

లాక్‌డౌన్ రాగానే మా పనంతా ఇంటర్నెట్ మీదికి మారింది. ఒకే పేజీని నలుగురు నాలుగు ఇళ్ళలో తెరుచుకుని ఒకేసారి దిద్దవచ్చు. ఎవరు ఎక్కడ రాస్తున్నారో తెలియడానికి ప్రతివాళ్ళ కర్సరు పక్కనా వాళ్ళ పేరు కదులుతూ ఉంటుంది. మీకిది పుట్టినప్పటినుంచీ అలవాటే. మాకు వింతగా ఉండేది. మనుషులు లేకుండా పేర్లు మాత్రమే గదిలో తిరుగుతున్నట్టు ఉండేది.

ఆ ఏడాది దసరా దాటాక ఎడిటర్ సార్ ఫోన్లో మాట్లాడడం మానేశారు. గొంతు పాడైందనీ, ఏమున్నా టైపు చేస్తాననీ రాశారు. అక్కడినుంచి ఆయన మారిపోయారు. ఎప్పుడూ ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసే మనిషి నాకు తెలుగులో రాయడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం ఒంటిగంటకు, "అమ్మాయ్, భోజనం అయిందా?" అని ఒక సందేశం వచ్చేది. నా మోకాలి నొప్పికి ఏ వ్యాయామం చేయాలో ఓపిగ్గా వివరించేవారు. మా అమ్మ పోయినప్పుడు ఆయన రాసిన నాలుగు వాక్యాలు నేను ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్క లేదు. మా టీములో గాజియాబాద్ అమ్మాయి ఒకామె ఉండేది. "లాక్‌డౌన్ మే సర్ కిత్‌నే స్వీట్ హో గయే హై, మ్యామ్" అంటూ, సార్ ఇంత ఆప్యాయంగా మారినందుకు ఆశ్చర్యపోయేది. కష్టకాలం మనుషుల్ని మెత్తబరుస్తుందని అందరం అనుకున్నాం. భద్రత చూడడం నా ఉద్యోగం. ఒక మనిషి తీరు పూర్తిగా మారిపోతే, దానికి నేను సంతోషించి ఊరుకున్నాను.

తర్వాత ఆఫీసు తెరిచినా ఆయన ఇంటినుంచే చేస్తానన్నారు. పని బ్రహ్మాండంగా సాగుతోంది కాబట్టి ఎవరూ కాదనలేదు. రెండున్నరేళ్ళకు రిటైరయ్యారు. వీడ్కోలు సభ వీడియోలోనే జరిగింది. అప్పుడే అన్నాళ్ళకు ఆయన మొహం చూశాం. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. మా మాటలన్నీ నవ్వుతూ విన్నారు. ఆ నవ్వు ఎవరిని ఉద్దేశించిందో అర్థం కాలేదు. రైలు కిటికీలోంచి తెలియని ఊరిని చూసేవాళ్ళు అలా నవ్వుతారు. వెనక ఆయన భార్య నిలబడి, "ఆయనకి గొంతు బాలేదండి, అందరికీ నమస్కారం చెప్పమంటున్నారు" అంది. తర్వాత ఆయన మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తి, మాకేసి ఊపించింది. మేం చప్పట్లు కొట్టాం.

ఆ సాయంత్రమే ఖాతా మూసేయాల్సింది. మా మేనేజరు, "ఒక నెల ఉంచండి, ఏమైనా అడగాల్సి రావచ్చు" అన్నాడు. నెల కాకముందే నేను మోకాలి ఆపరేషనుకు సెలవు పెట్టాను. తిరిగి వచ్చాక ఆ సంగతే గుర్తు రాలేదు. నా తప్పు అంతే. చెప్పుకోవడానికి అందులో కథ కూడా లేదు.

మరుసటి సెప్టెంబరులో ఆయన పోయారని కబురు వచ్చింది. గ్రూపులో అందరం చేతులు జోడించిన బొమ్మలు పెట్టాం. ఆ రోజు ఒంటిగంటకు నేను భోజనం డబ్బా తెరిచి, తినలేక మూసేశాను.

నవంబరులో ఒకరోజు ఉదయం పదకొండు గంటలకు మీటింగు హాల్లో ఆరుగురం కూర్చున్నాం. గోడమీది పెద్ద తెరలో పాత లిఫ్టు పుస్తకం ఒకటి తెరిచి ఉంది. లిఫ్టు కింద ఒక గుంత ఉంటుంది, మెకానిక్ అందులో దిగి పనిచేస్తాడు. దిగేటప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్న పేజీ అది. గాజియాబాద్ అమ్మాయి ఏదో చెబుతూ మధ్యలో ఆగిపోయింది. తెరమీద ఒక కర్సరు వచ్చింది. దాని పక్కన సార్ పేరు ఉంది.

ఆ పేరు పేజీ మీదుగా నెమ్మదిగా కిందికి జరిగింది. నాలుగో లైను దగ్గర ఆగింది. 'గుంతలోకి దిగిన తర్వాత స్టాప్ స్విచ్ నొక్కాలి' అని ఇంగ్లీషులో ఉందక్కడ. 'దిగిన తర్వాత' ఒక్కో అక్షరమే చెరిగిపోయింది. ఆ ఖాళీలో 'దిగే ముందు' అన్న మాట పడింది. కర్సరు ఇంకాసేపు అక్కడే మిణుకుమిణుకుమంది. చదివి సరిచూసుకుంటున్నట్టు. తర్వాత మాయమైంది.

"సర్ ఆ గయే" అంది ఆ అమ్మాయి, సార్ వచ్చేశారని. ఎవరో నవ్వబోయి మానేశారు.

ఆ దిద్దుబాటు సరైనదే. పాత మాట నమ్మి ఎవరైనా స్విచ్ నొక్కకుండా దిగితే, పైన లిఫ్టు కదిలితే, గుంతలో మనిషి మిగలడు. ఆ పేజీ మూడేళ్ళుగా అలాగే ఉంది.

దొంగ ఎవరో సార్ పాస్‌వర్డు సంపాదించాడని మేనేజరు అన్నాడు. నేనూ అలాగే అనుకుని లాగిన్ రికార్డు తీశాను. రిటైరైనప్పటినుంచి పోయేదాకా ఆ ఖాతా ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. ఆయన పోయిన పద్నాలుగో రోజు ఉదయం తొమ్మిదిన్నరకు తెరుచుకుంది. ఆ తర్వాత రోజూ అదే వేళకు. ఒంటిగంటనుంచి రెండుదాకా విరామం. ఆరుకు ముందే మూత. శని, ఆదివారాలు లేవు. దీపావళికి సెలవు. దొంగలు దీపావళికి సెలవు తీసుకోరు. లాక్‌డౌన్‌లో సార్ పనిచేసిన ఇంటి కనెక్షన్ నుంచే వస్తోంది. ప్రతిసారీ ఆయన ఫోనుకు వెళ్ళే కోడును ఎవరో కొడుతున్నారు. ఏ ఫైలూ బయటికి పోలేదు. చాలా పుస్తకాల్లో మాటలు, అంకెలు మాత్రం మారాయి. మారిన ప్రతి చోటా కొత్తదే సరైనది. ఇంకో వింత ఏమిటంటే, ఆ పేజీలన్నీ లాక్‌డౌన్ మొదటి వేసవినుంచి దసరాదాకా తయారైనవి. వేరే ఏ కాలపు పేజీనీ ఆ చెయ్యి ముట్టుకోలేదు.

"అభీ బంద్ కీజియే" అని వెంటనే మూసేయమన్నాడు మేనేజరు. ఎవరో తెలియకుండా మూస్తే ఇంకో దారిన వస్తారని వాదించి, మరునాటిదాకా గడువు తీసుకున్నాను. అప్పటికీ తేలకపోతే పోలీసు ఫిర్యాదు.

మర్నాడు పన్నెండున్నరకు ఆ ఖాతా తెరిచే ఉంది. ధైర్యం చేసి తెలుగులో టైపు చేశాను. "మీరెవరు?"

అవతల టైపు చేస్తున్నట్టు మూడు చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి. చాలాసేపటికి జవాబు వచ్చింది.

"అమ్మాయ్, భోజనం అయిందా?"

కుర్చీలోంచి ఎలా లేచానో తెలియదు. నీళ్ళ కూలరు దగ్గరికి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆఫీసు నిండా మనుషులు, పట్టపగలు, కిటికీలోంచి ఎండ. నాకు మాత్రం చలివేసింది. ఆ వాక్యాన్ని పాస్‌వర్డులాగా ఎవరూ దొంగిలించలేరు. అది నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు.

పర్సు తీసుకుని బయల్దేరాను. మెట్రో దిగి ఆటో ఎక్కి ఆర్.కె. పురం చేరేసరికి మూడైంది. సార్ కూతురు కేంద్ర ప్రభుత్వంలో అధికారి, ఆవిడ క్వార్టర్లోనే వీళ్ళు ఉండేవారు. రెండో అంతస్తు. బెల్లు కొడితే ఆయన భార్య తలుపు తీసింది. వీడ్కోలు సభలో వెనక నిలబడ్డ మనిషి. నన్ను చూసి తెల్లబోలేదు.

"రండమ్మా. మెట్లెక్కి వచ్చారు, మోకాలు ఎలా ఉంది?" అంది.

హాల్లో కిటికీ పక్కన బల్లమీద లాప్‌టాప్ తెరిచి ఉంది. బల్లముందు రెండు కుర్చీలు. ఒకదానిమీద దిండు. నేను అటు కూర్చోబోతే, "అది వద్దమ్మా, ఇటు రండి" అని సోఫా చూపించింది. గూట్లో సార్ ఫోటో, దానిముందు ఆయన ఫోను. ఛార్జరు పెట్టి ఉంది.

"అమ్మా, సార్ పేరుమీద వస్తున్నది మీరేనా?" అన్నాను.

"నేనే."

"మరి నాతోటి మాట్లాడింది? భోజనం అయిందా అని రెండున్నరేండ్లు అడిగింది?"

ఆవిడ చాలాసేపు చెంగు సరిచేసుకుంది. "అదీ నేనేనండి" అంది.

చెప్పుకొచ్చింది. లాక్‌డౌన్ వేసవిలోనే ఆయనకు మరపు మొదలైంది. చదివిన పేజీనే మళ్ళీ మళ్ళీ చదివేవారు. బయటివాళ్ళకు తెలియకుండా దాచుకున్నారు, భార్యకు కూడా. దసరాకు ఒకరోజు ఆయన ఒకే అక్షరాన్ని తెర నిండా కొట్టుకుంటూ పోతుంటే ఆవిడ చూసింది. డాక్టరు జబ్బుకు పేరు పెట్టి చెప్పాడు. ఆవిడ ఫిజిక్స్ చదువుకున్న మనిషి. పెళ్ళైన దగ్గరనుంచీ ఆయన రోజూ ప్రూఫులు ఇంటికి తెచ్చి గట్టిగా చదువుతుంటే వింటూ, తప్పులు పట్టిస్తూ ముప్ఫైఏళ్ళు గడిపింది.

"మొదట్లో ఆయన చేస్తుంటే నేను పక్కన కూచునేదాన్ని. తర్వాత నేను చేస్తుంటే ఆయన పక్కన కూచునేవారు. ఆఖరికి తెర మీద పేరు చూసి 'ఈయనెవరు, బాగా చేస్తున్నాడే' అనేవారు. మా అమ్మాయికి నేను సాయం చేస్తున్నాననే తెలుసు. ఇంతని తెలీదు."

సెప్టెంబరులో నేను ఏడ్చింది ఎవరికోసమో నాకే తెలియకుండా పోయింది. ఆఫీసులో ఎనిమిదేళ్ళు చూసిన మనిషి నాతో రెండు మాటలైనా ఆడలేదు. నాకు ఆప్తుడైన మనిషి చావలేదు. ఎదురుగా కూర్చుని టీ పెట్టమంటారా అని అడుగుతోంది.

"రిటైరైనంక ఊకున్నరు గద. సార్ పోయినంక మళ్ళ ఎందుకు తెరిచిండ్రు?"

ఆవిడ లోపలికి వెళ్ళి పొడుగాటి నోటుబుక్కు తెచ్చింది. ఏ రోజు ఏ పుస్తకంలో ఏ పేజీ చూశారో సార్ అందులో రాసుకునేవారు. పన్నెండో రోజు అయ్యాక సామాను సర్దుతుంటే దొరికింది. మొదట్లో ముత్యాల్లాంటి అక్షరాలు. లాక్‌డౌన్ వేసవికి గీతలమీంచి జారిపోవడం మొదలైంది. దసరా ముందు పేజీల్లో అవి అక్షరాలే కావు.

"ఈ అయిదారు నెలలూ ఆయన ఒక్కరే చేశారమ్మా. నాకు తెలియకముందు. ఆ స్థితిలో చూసిన పేజీలు ఎలా ఉంటాయి? నిద్ర పట్టలేదు. పాస్‌వర్డు కొట్టి చూశాను, తెరుచుకుంది. మొదటి పేజీలోనే తప్పు దొరికింది."

ఆ అయిదారు నెలలూ మా యంత్రాల లెక్కలో అంతా సక్రమం. పాస్‌వర్డు ఆయనది, ఫోను ఆయనది, వేళ్ళు ఆయనవి. ఆ లిఫ్టుల కిందికి మనుషుల్ని పంపే మాటలు రాస్తున్నది మాత్రం ఎవరో ఎవరికీ తెలియదు.

"రెండు పుస్తకాలు మిగిలిపోయాయి. వాటికి తాళం వేశారు, నాకు తెరుచుకోవట్లేదు. మీరు తెరిస్తే నాలుగు రోజుల్లో చేసేస్తాను. ఎవరికీ తెలీదు. తర్వాత మూసేసుకోండి."

నిజం చెప్పాలంటే పది నిమిషాల పని. నా ఫోనులోంచే చేయవచ్చు. నా తప్పు కూడా దాంతోపాటే కప్పబడిపోతుంది. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా.

"అమ్మా, ఫైలు దిద్దితె అయిపోతదా? అచ్చయిన కాగితాలు ఎప్పుడో లిఫ్టులున్న కాడికి పోయినయి."

"తెలుసు. అవి నా చేతిలో లేవు."

"కంపెనీకి చెప్పాలె. వాళ్ళే వెనక్కి తెప్పియ్యాలె."

"చెబితే ఆయన పేరు చెప్పాలిగా." ఆవిడ గూట్లో ఫోటో వైపు చూసింది. "ఇన్నేళ్ళు నేను చేసిందే ఆ పేరు కోసమమ్మా."

కింద ఎవరో స్కూటరు ఆపిన చప్పుడు. నాకు మెత్తని మాటలు చెప్పడం చేతకాదు. "ఎవరన్న గుంతల దిగి ఉంటరమ్మా ఈ పొద్దు" అన్నాను.

ఆవిడ నోటుబుక్కు వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత దాన్ని నా ఒళ్ళో పెట్టి లాప్‌టాప్ ముందుకు వెళ్ళింది. తెరిచి ఉన్న పేజీలు ఒక్కొక్కటీ మూసింది. చివరికి లాగౌట్ మీద వేలు పెట్టి, పక్కన దిండున్న కుర్చీవైపు తిరిగింది. రోజూ అనే మాటలాగే, నేనక్కడ లేనట్టే అంది:

"ఇంక లేవండి. పనైపోయింది."

ఆ మాటకు ఎవరైనా లేస్తారేమోనని నేను ఆ కుర్చీ వైపే చూస్తూ ఉండిపోయాను.

అక్కడే, ఆవిడ చూస్తుండగానే, నా ఫోనులోంచి ఖాతా మూసేశాను. సగం నిమిషం పట్టింది.

రాత్రంతా కూర్చుని రిపోర్టు రాయలేదు. మర్నాడు ఆఫీసులోనే, ఉన్నది ఉన్నట్టు రాశాను. సార్ పేరూ రాశాను, నా మరపూ రాశాను. కంపెనీ పెద్దలు మొదట నన్ను తిట్టి, తర్వాత నోటుబుక్కు చూసి తిట్టడం మానేశారు. ముగ్గురు కూర్చుని ఆ కాలపు పేజీలన్నీ మళ్ళీ చదివారు. తాళం వేసిన రెండు పుస్తకాల్లోనూ తప్పులు బయటపడ్డాయి. ఆవిడ చేసిన రెండున్నరేళ్ళ పనిలో ఏమీ దొరకలేదు. ప్రతి చోటికీ సవరణ కాగితాలు వెళ్ళాయి. ఫోన్లు చేసి కనుక్కున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఫరీదాబాద్‌లో ఒక ముసలి మెకానిక్ నవ్వాడు. "కితాబ్ కౌన్ పఢ్‌తా హై, మ్యామ్? స్విచ్ తో హమ్ పెహ్‌లే హీ దబాతే హై" అన్నాడు, పుస్తకం ఎవరు చదువుతారు, స్విచ్ మేం ముందే నొక్కుతాం అని. మేం రాసిన పుస్తకాలు ఎవరూ చదవరని తెలిసి అంత సంతోషపడింది నా ఉద్యోగంలో అదొక్కసారే.

నా ఫైల్లో ఒక హెచ్చరిక కాగితం చేరింది. ఆవిడమీద ఫిర్యాదు చేయలేదు. చేస్తే ఇన్నేళ్ళూ పుస్తకాలు చూసిందెవరని కొనేవాళ్ళు అడుగుతారని కంపెనీ భయం. మంచితనంతో కాకపోయినా మంచే జరిగింది.

రిపోర్టు చదివినరోజు మేనేజరు ఒక గడి దగ్గర ఆగాడు. ఖాతాను వాడిన వ్యక్తి పేరు రాయాల్సిన చోట నేను 'ఆయన భార్య' అని రాశాను.

"నామ్?" అన్నాడు.

నాకు తెలియదన్నాను. ఆవిడను కాపాడుతున్నాననుకున్నాడు. "ఆధా దిన్ సాథ్ బైఠీ, నామ్ నహీ పూఛా?" సగం రోజు కలిసి కూర్చుని పేరే అడగలేదా అని.

అడగలేదు. సాయంత్రం సార్ ఫోనుకు చేశాను, స్విచాఫ్. వారం రోజులు అంతే. సంక్షేమం కనుక్కుందామని మళ్ళీ ఆర్.కె. పురం వెళితే, కూతురికి బదిలీ అయిందనీ, తల్లిని తీసుకుని వెళ్ళిపోయిందనీ పక్కింటివాళ్ళు చెప్పారు. వాళ్ళూ ఆవిడను ఆంటీ అనే పిలిచేవారు.

ఇందులో మిగతా అందరి పేర్లూ కావాలనే రాయలేదు. ఆవిడ పేరు రాద్దామనుకున్నా నాకు తెలియదు.